కట్టకు కావలేది? మత్తడికి తోవేది?

వానకాలం వస్తే చాలు, జిల్లా పేజీలో ఒక మూలకు వార్త పడుతది: ‘ఫలానా ఊరి చెరువుకు గండి’. గండి ‘పడింది’ అని రాస్తరు. చెట్టు మీదికెల్లి ఆకు రాలినట్టు, దానంతట అదే పడ్డట్టు. మరునాడు మంత్రి వస్తడు. ఇసుక బస్తాల ముందట నిలబడి వందేండ్లలో ఇంత వాన చూడలేదంటడు. ఎకరానికి ఇంత పరిహారమని ప్రకటించి కారెక్కుతడు. ఆ కట్ట మీద సర్కారు తుమ్మలు ఎన్నేండ్లుగ మొలిచి ఉన్నయి, మత్తడి ముందట ఎవరి ప్రహరీ గోడ ఉన్నది, తూము పక్కన బుంగ ఎప్పుడు పడ్డది, దాన్ని మొదలు చూసిన మనిషి ఎవరికి చెప్పిండు అని అడిగేటోడు ఉండడు.

మేము అడుగుతున్నం. మట్టి కట్ట ఒక్క రాత్రిలో తెగదు. ఏండ్ల తరబడి తెగుతది. ఆఖరి రాత్రి మాత్రమే మనకు కనపడుతది.

ఉద్యమ కాలంలో మనం చెరువుల లెక్క అడిగినం. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు పూడికతో నిండుతుంటే సమైక్య పాలకులు చూస్తూ ఊకున్నరని అన్నం. కాల్వలు ఒక దిక్కు, బోర్లు ఒక దిక్కు పంచిండ్రని అన్నం. విద్యాసాగర్‌రావు సారు లాంటి ఇంజనీర్లు నీళ్ల లెక్కను సభల్లో, పేపర్లలో విప్పి చెప్పిండ్రు. అది న్యాయమైన లెక్క, ఇయ్యాలటికీ నిలబడే లెక్క. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినంక, 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయకు మొదటి గడ్డపార దిగిందంటే అది ఉద్యమం పెట్టిన లెక్క వల్లనే. సర్కారు స్వయంగా లెక్కబెడితే చెరువులు, కుంటలు కలిసి 46,531 తేలినయి.

అయితే ఆ లెక్కంతా ఎకరాల్లో, టీఎంసీల్లో ఉన్నది. చెరువుకు ఇంకో కొలువు ఉన్నది. పంటకు నీళ్లిచ్చే కొలువు కాదు, ఊరిని ముంపు నుంచి కాపాడే కొలువు. కట్ట మైసమ్మను కట్ట మీదనే ఎందుకు నిలబెట్టిండ్రో మన పెద్దలను అడగండ్రి. ఆ తల్లి పంట కోసం ఒక్కదాని కోసమే ఆడ లేదు, కట్టకు కావలిగ ఉన్నది. కట్ట కింద ఇండ్లున్న జనానికి రాత్రి నిద్ర ఆ కావలి మీది నమ్మకంతోనే పట్టేది. ఇప్పుడు మైసమ్మ ఉన్నది గని కావలి మనిషి లేడు. ఆ కొలువుకు సర్కారు దగ్గర పద్దు లేదు, జవాబుదారీ లేదు.

ఒక్క అడుగు నీళ్ల లెక్క

చిన్న లెక్క వేద్దాం, విద్యార్థులు కాయితం మీద సరిచూసుకోవచ్చు. నిండితే 125 ఎకరాల్లో పరుచుకునే చెరువు ఒకటి తీసుకోండ్రి. అందులో నీళ్లు ఒక్క అడుగు లేస్తే సుమారు 15 కోట్ల లీటర్లు నిలబడుతయి. ఎగువన ఐదు చదరపు కిలోమీటర్ల మీద 20 సెంటీమీటర్ల వాన దంచితే పడే నీళ్లు వంద కోట్ల లీటర్లు. అందులో సగం భూమి తాగినా, యాభై కోట్ల లీటర్లు కొన్ని గంటల్లో ఉరికొస్తయి. చెరువే లేకుంటే ఆ నీళ్లన్నీ ఒక్కపెట్టున ఊరి వాగులోకి దిగుతయి. చెరువు ఉంటే, అప్పటికే నిండి మత్తడి దుంకుతున్నా సరే, మత్తడి మీద లేచే ఆ రెండడుగుల ఎత్తులో ముప్పై కోట్ల లీటర్లను కొద్దిసేపు పట్టి ఉంచుతది. మెల్లమెల్లగ విడుస్తది. కొన్ని గంటల్లో విరుచుకపడే వరద పూటంతా పారుతది. నిండిన చెరువు వరదను ఆపదని చదువుకున్నోళ్లు కూడా అంటుంటరు. ఆపదు, నిజమే. దాని దూకుడు తగ్గిస్తది. ఊరు మునుగుడుకూ వాగు ఒడ్డు దాకా వచ్చి ఆగుడుకూ నడుమ తేడా చాలాసార్లు ఆ మాత్రమే.

ఇట్లాంటి చెరువు ఒక్కటి కాదు. పైన కుంట, దాని మత్తడి నీళ్లు కింది చెరువుకు, దాని మత్తడి ఇంకా కిందికి. ఒక్కో మెట్టు మీద వరద ఇంతింత నెమ్మదిస్తది. గొలుసుకట్టు అంటే ఇదే. పాకాల, రామప్ప, లక్నవరం, గణపసముద్రం ఏడెనిమిది వందల ఏండ్ల తర్వాత కూడా మన కండ్ల ముందట ఉన్నయంటే, కట్ట బలం ఒక్కటే కారణం కాదు. మిగులు నీళ్లు పోయేందుకు తోవ ఉండబట్టి కూడా.

ఇప్పుడు అదే లెక్కను తిప్పి చూడండ్రి. శిఖంలో సగం మొరంతో నింపి ప్లాట్లు కొట్టిండ్రనుకో. 125 ఎకరాల్లో ఒక అడుగు లేవాల్సిన నీళ్లు మిగిలిన అరవై రెండు ఎకరాల్లో రెండడుగులు లేస్తయి. కట్ట ఎత్తు పెరగలేదు. మత్తడి పొడవు పెరగలేదు. వరద తగ్గలేదు. శిఖం కబ్జా అయితే చెరువు చిన్నగైందని మనం బాధపడతం గని, కట్టను నూకే నీళ్లు ఎత్తుకెక్కినయన్న మాట ఎవరూ చెప్పరు. ప్లాటు అమ్మినోడు అప్పటికే పైసలు లెక్కబెట్టుకొని పోయి ఉంటడు. ప్లాటు కొన్నోడు ముందుగాల మునుగుతడు. ప్లాటుతో ఏ సంబంధం లేని, కట్ట కింద గుడిసె వేసుకున్నోడు కొట్టుకపోతడు.

మట్టి కట్టకు రెండు సావులు ఉన్నయి. ఒకటి పైనుంచి. రాతి ఆనకట్ట మీదికెల్లి నీళ్లు దుంకినా అది తట్టుకుంటది. మట్టి కట్ట మీదికెల్లి జానెడు నీళ్లు పొర్లినా వెనుక దిక్కు మట్టి కోసుకపోతది, కోత పైకి ఎగబాకుతది, గంటల్లో గండి. అందుకే మత్తడి ఎప్పుడూ కట్ట తల కంటే కిందికి ఉంటది. ఆ నడుమ ఎత్తే ఊరి ప్రాణం. ఇంకొకటి లోపలినుంచి. తూము రాళ్లకూ మట్టికీ నడుమ సందు పడుతది. ఎలుకలు, ఎండ్రికాయలు తవ్వుతయి. చెట్టు సచ్చి వేరు కుళ్లితే ఆ తావున గొట్టం లెక్క తోవ ఏర్పడుతది. కట్ట వెనుక ఊట తేటగ వస్తే భయం లేదు. ఆ ఊట బురదగ మారిందంటే లోపలి మట్టి బయటికి వస్తున్నట్టు. ఈ సంగతి ఏ ఇంజనీరింగ్ కాలేజీకి పోకుండనే మన నీరటికి తెలుసు. నీరటి సంగతి తర్వాత చెప్తం.

మత్తడి పొడవు సగం మూస్తే, అదే ఎత్తులో పారే నీళ్లు సగమే. దాన్ని ఎన్ని తీర్ల మూస్తున్నరో చూడండ్రి. మత్తడి కాల్వను దున్ని పొలంలో కలుపుకునేది ఒకటి. కాల్వ మీద రోడ్డేసి రెండు తూము గొట్టాలు పెట్టి చేతులు దులుపుకునే కాంట్రాక్టర్ల పని ఒకటి. ఇంకో తడి పారుతదని బండలు పేర్చి మత్తడి ఎత్తు పెంచేది ఒకటి. పైరు ఎండే రైతు బాధ మనకు తెలువనిది కాదు. కానీ ఆ అడుగు ఎత్తు కట్ట ప్రాణంలో నుంచి కోసి తీసుకున్న అడుగే. చేపలు కొట్టుకపోకుండ జాలీలు కడుతరు, జాలీకి గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చిక్కి గోడ అయితది. చేపల మీద బతికే ముదిరాజులను, గంగపుత్రులను తప్పుబట్టుడు మా ఉద్దేశం కాదు. 2016 నుంచి చెరువుల్లో చేపపిల్లలు పోసింది సర్కారే. చేప ఆగాలె, చెత్త ఆగొద్దు. ఆ తీరుగ జాలీ ఎట్ల కట్టాలెనో చెప్పే మనిషిని చేపపిల్లల లారీతోపాటే పంపితే ఎంత ఖర్చయ్యేది?

మిషన్ కాకతీయలో మత్తడులు, తూములు బాగుచేసే పని కూడ ఉన్నది. కొన్ని చోట్ల బాగనే చేసిండ్రు. కానీ పూడిక తీసేది ఫోటోకు దొరుకుతది. నియోజకవర్గానికొక మినీ ట్యాంక్‌బండ్ అని కట్ట మీద బల్లలు, రంగు దీపాలు పెట్టిండ్రు, అవీ ఫోటోకు దొరుకుతయి. మత్తడి కాల్వ మీది ఆక్రమణ తీస్తే మాత్రం ఫోటో రాదు, ఊళ్లె పెద్దమనిషితోని పంచాయితీ వస్తది. ఏది ఎక్కువ జరిగిందో చదువరులే ఊహించుకోవచ్చు.

1908 చెప్పిన పాఠం, 2020లో మరిచిన పాఠం

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. వేలమంది పోయిండ్రు. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా దవాఖాన ఆవరణలో చింతచెట్టు ఎక్కి బతికినోళ్ల కథ నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటరు. తర్వాత నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్క తీసిండు: నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులున్నయి. సుమారుగ చదరపు మైలుకు ఒకటి. ఆ వరదలో అందులో 221 తెగినయి.

ఈ అంకెను చాలామంది సగమే చదువుతరు. చెరువులు తెగి వరద రెట్టించింది, కాబట్టి చెరువులే ముప్పు అంటరు. మిగిలిన సగం చదవండ్రి: 567 చెరువులు తెగలేదు. అవి ఆ రాత్రి తమ నీళ్లను కట్టల వెనుక పట్టుకొనే ఉన్నయి. అవి కూడా లేకుంటే ఆ నీళ్లు ఎటు పోయేవి? చెరువు ఉంటే కాపాడుతది, కట్టను గాలికొదిలేస్తే అదే చెరువు సంపుతది. రెండూ నిజాలే, ఒకటి చెప్పి ఒకటి దాయొద్దు. విశ్వేశ్వరయ్య చెరువులు పూడ్చమని సలహా ఇవ్వలేదు. ఎగువన ఇంకా పెద్ద కట్టలు కట్టి వరదను ఆడనే పట్టమన్నడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చినయి.

అసలు మన నగరం గుండెకాయ తీరుగ ఉన్నది కూడా ఒక చెరువు కట్టనే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో ముండ్ల కంచెలు దాటి మనం చేరింది ఏడికి? 1562 నాటి హుస్సేన్‌సాగర్ కట్ట మీదికి. ట్యాంక్‌బండ్ అన్న పేరుకు చెరువు కట్ట అనే అర్థం. ఆ కట్ట తెగకున్నా, 2000 ఆగస్టులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు సాగర్ నుంచి దిగిన మిగులు నీళ్లు నాలాలో పట్టక కింది బస్తీలను ముంచినయి. మత్తడి ఉన్నది, మత్తడి తర్వాత తోవ లేదు.

2020 అక్టోబర్ 13 రాత్రి సంగతి ఇంకా పచ్చిగనే ఉన్నది. నగరం పక్కన గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగింది, బెంగళూరు హైవే మీద బండ్లు, మనుషులు కొట్టుకపోయిండ్రు. మైలార్‌దేవ్‌పల్లి దిక్కు పల్లె చెరువు తెగి పాతబస్తీ దిక్కు కాలనీల మీద పడ్డది. నాలుగు రోజులకు, బాలాపూర్ గుర్రం చెరువు తెగి ఇంకొన్ని బస్తీలను ముంచింది. అప్పటికి మొదటి వాన బురద కూడ ఎండలేదు. మునిగిన బస్తీల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునేటోళ్లు, ఆటో నడిపేటోళ్లు. చెరువుల చుట్టూ విల్లాలు కట్టినోళ్ల పేర్లు ఆ రోజు పేపర్లలో రాలేదు.

రియల్ ఎస్టేట్ వాదం ఒకటి ఉన్నది, అది ఆఫీసు ఫైళ్లలోకి కూడ ఎక్కింది: ‘ఈ చెరువు కింద ఆయకట్టు లేదు, పొలాలన్నీ ఇండ్లయినయి, కాబట్టి చెరువు అవసరం లేదు’. ఇంతకంటే తలకిందుల మాట ఇంకోటి లేదు. కట్ట కింద వరి మడి ఉన్నప్పుడు కట్ట తెగితే ఒక పంట పోయేది. వరి మడి పోయి ఇండ్లు వచ్చినంక కట్ట తెగితే మనుషులు పోతరు. ఆయకట్టు పోయిన చెరువుకే కాపలా ఎక్కువ కావాలె. 2024 జూలైలో హైడ్రా పెట్టిండ్రు, అది ఔటర్ రింగు రోడ్డు లోపలి సంగతి చూసుకుంటది. అంబర్‌పేటలో బతుకమ్మకుంటను 2025లో మళ్లీ నీళ్లతో నింపింది, మంచిదే, మేము వద్దనం. కానీ రింగు రోడ్డు బయట ఉన్న వేలాది కట్టలను ఎవరు చూస్తరు?

బయట ఏమైందో గుర్తుచేసుకుందాం. 2023 జూలై చివర్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది. జూలై 27 తెల్లారేసరికి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లల్లో, జనం డాబాల మీద. రెండు రోజులకు, సాక్షాత్తు ఓరుగల్లులో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ దిక్కు గండి పడ్డది. కాకతీయుల రాజధానిలో, కాకతీయుల పేరు పెట్టుకున్న పథకం వచ్చినంక. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో చెరువులు, కుంటలు వరుసగ తెగినయి. ఇంటికన్నె, కేసముద్రం నడుమ కంకర కొట్టుకపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడినయి. ఆ వానల్లో కొన్ని ఏ కట్టా తట్టుకునే తీరువి కావు. ఆ మాట ఒప్పుకుంటం. కానీ తట్టుకునే కట్ట కూడ తెగిందా లేదా అని తేల్చాలంటే తెగిన ప్రతి కట్ట మీద విచారణ జరగాలె, ఆ కాయితం ఊరోళ్ల చేతికి రావాలె. పెద్ద వాన అనే మాట అన్ని తప్పులకూ కప్పే దుప్పటి కావొద్దు.

నీరటి ఎటు పోయిండు?

వెనుకట ప్రతి పెద్ద చెరువుకు నీరటి ఉండేటోడు. తూము ఎత్తుడు, దించుడు, మడి మడికి నీళ్లు పంచుడు ఆయన పని. దానికి పంట మీద మేర ఇచ్చేటోళ్లు, కొన్ని చోట్ల ఇనాం భూమి ఉండేది. వానకాలం రాత్రి కందిలి పట్టుకొని కట్ట ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచేటోడు. యాడ తడిగ ఉన్నది, యాడ మెత్తగ ఉన్నది, ఊట తేటగ వస్తున్నదా బురదగ వస్తున్నదా, కాలికే తెలిసేది. ప్రమాదమైతే డప్పు కొట్టిచ్చేటోడు. ఊరంతా గంపలు, పారలు పట్టుకొని కట్ట మీదికి ఉరికేది.

ఆ పాత వ్యవస్థను నెత్తిన పెట్టుకొని మొక్కాలని మేము చెప్తలేము. అందులో వెట్టి ఉండె, కులం ఉండె, పటేల్ గద్దింపు ఉండె. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయితే తెలంగాణ పల్లె ఊపిరి పీల్చుకున్నది. కానీ దొరతనంతోపాటు నీరటి పని కూడ దిక్కులేనిదయింది. నీరటి, మస్కూరి అందరూ రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగే సహాయకులైపోయిండ్రు. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టిండ్రు. సంఘానికి అధ్యక్షుడు వచ్చిండు, కట్ట మీదికి మనిషి రాలేదు. 2023లో వీఆర్ఏలను రెగ్యులర్ చేసి పలు శాఖల్లో సర్దినప్పుడు కొందరు నీటిపారుదల శాఖకు వచ్చిండ్రు. వాళ్ల పోరాటం న్యాయమైంది, గెలిచిండ్రు, సంతోషం. కానీ ఒక్కసారి ఊరికి పోయి అడగండ్రి: మీ చెరువు నీరటి ఎవరు? ముసలోళ్లు సచ్చిపోయినాయన పేరు చెప్తరు. చదువుకున్న పిల్లలు ఆ మాటకు అర్థమే అడుగుతరు.

ఇంటికో ఉద్యోగం అన్న మాట పక్కన పెడుదాం. కట్టకో ఉద్యోగం అయినా ఇవ్వొచ్చు గదా? నియామకాలు అని మనం అడిగింది సచివాలయంలో కుర్చీల గురించే కాదు. నీళ్లు, నియామకాలు రెండూ ఒక్క తావున కలిసే కొలువు ఇది.

చట్టం కంటికి ఆనని కట్ట

2021లో పార్లమెంటు డ్యామ్ సేఫ్టీ చట్టం చేసింది. వానకాలానికి ముందోసారి, తర్వాతోసారి తనిఖీ, భద్రతా యూనిట్లు, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, కర్తవ్యం తప్పితే శిక్ష, అన్నీ అందులో ఉన్నయి. ఎవరికి? 15 మీటర్ల కంటే ఎత్తున్న డ్యాములకు. 10 నుంచి 15 మీటర్ల నడుమ ఉన్నయైతే కట్ట పొడవు 500 మీటర్లన్నా ఉండాలె, లేదంటే నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లన్నా ఉండాలె, ఇట్ల కొన్ని షరతులు. 10 మీటర్ల లోపు కట్ట ఆ చట్టం కంటికి కట్టనే కాదు. మన ఊరి చెరువుల్లో అత్యధికం ఆ లోపు ఎత్తువే. అంటే పార్లమెంటు లెక్కలో మన కట్టలు లేవు. కేంద్రం చెయ్యకుంటే రాష్ట్రం చెయ్యొచ్చు, చిన్న కట్టలకు సొంత చట్టం తేవొచ్చు. 2014 నుంచి రెండు పార్టీల ప్రభుత్వాలను చూసినం. ఏ ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. పది మీటర్ల కట్ట కిందైనా, ఐదు మీటర్ల కట్ట కిందైనా పండుకున్న పిల్ల ప్రాణం ఒక్కటే.

కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజుల కాలపు చెరువు శాసనం ఒకటున్నది, 1369 నాటిది. మంచి చెరువుకు ఏమేం ఉండాలెనో, చెరువుకు ఉండే దోషాలేవో అందులో చెక్కిచ్చిండ్రు. కట్ట నుంచి నీళ్లు ఊరుడు ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండుడు ఇంకో దోషం. ఆ రెండో దోషం చదివితే మాకు పెద్దవాగు గుర్తొస్తది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు మట్టి కట్ట. మధ్యతరహా ప్రాజెక్టు. కట్ట తెలంగాణలో ఉన్నది. సుమారు 16 వేల ఎకరాల ఆయకట్టులో మనది 2 వేల పైచిలుకే, మిగిలింది ఆంధ్రప్రదేశ్‌ది. 2014లో పోలవరం కోసం మన ఖమ్మం జిల్లా మండలాలను అటు కలుపుకున్నరు గదా, ఆ కుక్కునూరు, వేలేరుపాడు మండలాలే ఈ కట్టకు దిగువ. కట్టను బాగుచెయ్యాలంటే పైసలు ఎవరు ఎంత పెట్టాలె అని గోదావరి బోర్డు మీటింగుల్లో ఈ ప్రాజెక్టు పేరు నలిగింది. 2024 జూలై 18న వరద వచ్చింది. ఉన్న మూడు గేట్లలో ఒకటి లేవలేదు. నీళ్లు కట్ట మీదికెక్కినయి, రాత్రికి కట్ట తెగింది. దిగువ ఊర్లు మునిగినయి, పశువులు కొట్టుకపోయినయి, పొలాల మీద ఇసుక మేట వేసింది. వరదలో చిక్కినోళ్లను హెలికాప్టర్‌తో తీసిండ్రు. మునిగినోళ్లలో ఎక్కువమంది ఆనాడు మనతోని జై తెలంగాణ అన్నోళ్లే. గీత గీసి అవతల పడేసిండ్రు వాళ్లను. వాళ్ల నెత్తి మీది కట్ట మాత్రం ఇవతలనే ఉండిపోయింది. గేటుకు గ్రీజు పెట్టుడుకు, తాడు మార్చుడుకు రెండు రాష్ట్రాల ఒప్పందం కావాల్నా? కట్ట ఎవరి భూమి మీద ఉంటే కాపలా వాళ్లది, బిల్లు పంచాయితీ తర్వాత తేల్చుకోవచ్చు. ఆంధ్ర పాలకుల నిర్లక్ష్యాన్ని అరవై ఏండ్లు నిలదీసిన మనకు, మన గేటు లేవకపోతే మన సర్కారును నిలదీసే హక్కు పోలేదు. ఇంకా పెరిగింది.

కొందరు మిత్రులు అంటరు, సొంత రాష్ట్రాన్ని ఇట్ల తిడితే సమైక్యవాదులు నవ్వుతరని. నవ్వనియ్యి. కట్ట తెగితే నవ్వేటోడు ఎవడో చూసి నీళ్లు ఆగుతయా?

సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం వదులుకున్న ఉద్యోగులకు, అందులోనూ నీటిపారుదల ఇంజనీర్లకు మా మాట ఇది. కట్టల స్థితి మీకు తెలుసు. ఏ మత్తడి ఎంత మూసుకున్నదో, ఏ తూము కారుతున్నదో ఫైళ్లలో ఉన్నది. బడ్జెట్ రాలేదని రాసిన నోట్లు కూడ ఉన్నయి. వాటిని జనం ముందట పెట్టండ్రి. విద్యార్థులు చెయ్యగలిగిన పని కూడ ఉన్నది, దానికి ల్యాబ్ అక్కర లేదు. టేపు పట్టుకొని మీ ఊరి మత్తడి పొడవు కొలవండ్రి. పాత రికార్డుల్లో రాసిన పొడవుతోని పోల్చండ్రి. మత్తడి నుంచి వాగు దాకా కాల్వ వెంట నడిచి, యాడ ఎవరు అడ్డం కట్టిండ్రో రాసుకోండ్రి. పోస్టు కార్డు మీద రాసి పంపినా సరే, మేము ఊరి పేరుతోని అచ్చేస్తం.

సర్కారును అడిగేది ఎక్కువ లేదు. ప్రతి కట్టకు జీతమున్న నీరటి, వానకాలం రాత్రికి టార్చిలైటు, తడిసిపోని ఫోను నంబరు. శిఖం ఒక్కటే కాదు, మత్తడి కాల్వ కూడ కొలిచి హద్దు రాళ్లు పాతాలె. గొలుసులో పై చెరువు తెగితే కింది చెరువు తట్టుకుంటదా లేదా అన్నది గొలుసు గొలుసుకూ తేల్చాలె. తెగిన చెరువుకు గండి పూడ్చే ముందు ఎందుకు తెగిందో రాసిన కాయితం గ్రామసభలో చదవాలె. కట్ట కొసన ఒక బోర్డు పెట్టాలె: కట్ట ఎత్తెంత, మత్తడి పొడవెంత, ఆఖరు తనిఖీ ఏ తారీఖు, చేసిన ఇంజనీరు పేరేంది, కట్ట తెగితే ముందుగాల ఏ వాడ మునుగుతది, ఎటు ఉరకాలె. మినీ ట్యాంక్‌బండ్ల మీద సెల్ఫీ పాయింట్లకు బోర్డులు పెట్టిండ్రు గదా, ఇంకో బోర్డుకు ఇనుము కరువు కాదు. మొదటి బోర్డు గుమ్మడవల్లిలో పెట్టాలె. ఈ డిమాండ్లను వచ్చే గ్రామసభలో రాతపూర్వకంగ ఇచ్చి, పంచాయతీ కార్యదర్శితోని రసీదు తీసుకోండ్రి. రసీదు మీద తారీఖు ఉండేటట్టు చూసుకోండ్రి.